మనాది చెప్పుకునే చోటు

తమ్ముడు: అక్కా, నీకు నచ్చదని తెలిసే చెప్తున్న. మొన్న ప్లేడే నాడు, సెలవు కదా, ఫోన్ల థెరపీ మొదలుపెట్టిన. వారానికి ఒకసారి, యాభై నిమిషాలు. అటు దిక్కు హైదరాబాద్‌ల ఒక సైకాలజిస్ట్ మేడం, ఇటు దిక్కు రామకృష్ణాపూర్‌ల నేను. బొగ్గు బాయిల నా ముందు బండ పడ్డప్పటి సంది నాకు నిద్ర లేదని నీకు తెలుసు. దవాఖానకు రమ్మని మూడు నెలల సంది అంటున్నవ్. నేను రాను. ఇంటి నుంచే చేసుకుంట.

అక్క: నిద్ర లేదని పరాయి మనిషికి నోరు తెరిచి చెప్పినవ్, అది చిన్న పని కాదు తమ్మీ. కానీ ముప్పై ఏండ్లు వార్డుల నర్సుగ చేసిన నాకు, మనిషిని చూడకుండ మనసును చూస్తమంటే నమ్మకం కుదరదు. పేషెంట్ మాట్లాడకముందే మాకు సగం సంగతి తెలుస్తది. అంగీ గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నడా, గోర్లు పెరిగినయా, మంచినీళ్ల గ్లాసు అందుకుంటుంటే చెయ్యి వణుకుతున్నదా, ఆయనను అడిగితే పక్కన కూసున్న భార్య జవాబు చెప్తున్నదా. ఫోన్ల మొఖం ఒక్కటే కనబడుతది. అది కూడ నువ్వు చూపెట్టినంతే.

తమ్ముడు: మొఖం సక్కగ కనబడని చోటనే నేను ఎనిమిది గంటలు పనిచేస్త. బాయిల ఎవలతోనన్న మాట్లాడాల్నంటే తల కొంచెం పక్కకు తిప్పుతం, క్యాప్ ల్యాంప్ వెలుగు ఎదుటోని కండ్లల్ల కొట్టకుండ. చీకట్ల నిలబడ్డ మనిషి భయపడ్డడా, అలిసిండా, ఇంట్ల కొట్లాడి వచ్చిండా, గొంతును బట్టే చెప్త. ఇరవై ఏండ్లు అట్ల బతికినోనికి ఫోన్ల గొంతు తక్కువేం కాదు.

అక్క: ఆ గొంతులు నీకు తెలిసిన గొంతులు, నీతోని రోజూ దిగే మనుషులవి. ఆమెకు నీ గొంతు కొత్త. అదట్ల ఉంచు. రాకపోవుడుకు దూరమే కారణమా? ఒకప్పుడు మనసు డాక్టర్ కోసం హైదరాబాద్ దాకా పోయేటోళ్లం, రెండు వందల యాభై కిలోమీటర్లు. 2022ల మంచిర్యాలల, రామగుండంల సర్కారు మెడికల్ కాలేజీలు మొదలైనయ్. మెడికల్ కాలేజీ అన్నంక మానసిక వైద్య విభాగం ఉండాల్సిందే. ఆటో ఎక్కితే మంచిర్యాల ఎంత సేపు?

తమ్ముడు: డాక్టర్ దగ్గరికి వచ్చిండు, ఒప్పుకుంట. కానీ ఓపీల అంతమంది నిలబడి ఉంటే నాకు ఎన్ని నిమిషాలు వస్తయ్? మందు రాయనీకి అవి సరిపోతయేమో. మాటల చికిత్స అట్ల కాదు. వారం వారం, ఎనిమిదో పన్నెండో సార్లు కూసోవాలె. నాకు ఒక వారం ఫస్ట్ షిఫ్ట్ పొద్దున ఏడింటికి, ఒక వారం సెకండ్ షిఫ్ట్ మూడింటికి, ఒక వారం నైట్ షిఫ్ట్ పదకొండుకు. ప్రతి వారం చెప్పిన రోజు, చెప్పిన టైముకు మంచిర్యాలల ఉండాల్నంటే మస్టర్లు పోతయ్. నాగాలు పెరిగితే చార్జిషీట్. మేడం నా షిఫ్ట్ అడిగి టైం పెట్టింది, నైట్ షిఫ్ట్ వారం సాయంత్రం ఆరుకు.

అక్క: ఇది నిజం. మందు వేరు, మాట వేరు. మాటకు దవాఖానల టైం తక్కువ. ఏడ్వబోయిన మనిషి, తర్వాతి నంబర్ పిలవంగనే కొంగుతోని కండ్లు తుడుచుకొని లేచిపోవుడు నేను ఎన్నిసార్లు చూసిన్నో. కానీ షిఫ్టు ఒక్కటే నిన్ను ఆపిందంటే నేను నమ్మ.

తమ్ముడు: నీ దగ్గర దాస్తే దాగదు. లైన్ల నా ముందు మా బాయి సర్దార్ వాళ్ల ఇంటామె ఉంటది, నా ఎనుక పక్క క్వార్టరాయన ఉంటడు. పొద్దుగూకేసరికి మాట తిరుగుతది. మనసు డాక్టర్ అని కూడ అనరు, పిచ్చి దవాఖాన అంటరు. హైదరాబాద్ ఎర్రగడ్డ దవాఖాన పేరును తిట్టు లెక్క వాడుతరు. పిల్ల పెండ్లికి ఉన్నది. ఇంకొకటి ఉన్నది, ఇది మన కోల్‌బెల్ట్‌ల బతికినోళ్లకే అర్థమైతది. మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుక్కు కారుణ్య నియామకం వస్తది కదా. అందుకే ఒంట్ల బాగలేదని ఎవలన్న దవాఖాన చుట్టు తిరిగితే జనం మొఖం దిక్కు చూస్తరు, నిజంగనే బాగలేదా, కొడుకు కోసం తిరుగుతున్నడా అని. కాలు విరిగితే ఎక్స్‌రే ఉంటది. రంధికి ఏ ఎక్స్‌రే చూపియ్యాలె? ఒక దిక్కు అన్‌ఫిట్ చేస్తరేమోనని బుగులు, ఇంకొక దిక్కు అన్‌ఫిట్ కోసమే నాటకం అంటరేమోనని సిగ్గు. ఈ రెంటి నడుమ ఇరికిన నాకు ఫోన్ ఒక్కటే తొవ్వ.

అక్క: ఆ సిగ్గు నాకు తెల్వంది కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 23వ సెక్షన్, రోగం సంగతి గుట్టుగ ఉంచుడు నీ హక్కు అని చెప్పింది. కానీ చట్టం డాక్టర్ నోటికి తాళం వేస్తది, లైన్ల నిలబడ్డోళ్ల కండ్లకు వెయ్యదు. సరే, మరి ఇంట్ల గుట్టు ఎక్కడున్నది? క్వార్టర్ అంటే రెండు అర్రలు, ఒక వంటిల్లు. పక్కింట్ల పోపు పెడితే మనకు తుమ్ములొస్తయ్. మరదలు ఇంటది, పిల్లలు ఇంటరు, గోడ అవతల మనిషి ఇంటడు. చెప్పుకోవాల్సిన మాటల్ల సగం ఇంటోళ్ల గురించే ఉంటయ్. వాళ్ల నడుమ కూసుండి వాళ్ల ముచ్చట ఎట్ల చెప్తవ్?

తమ్ముడు: మొదటి రోజు అదే అయ్యింది. లోపలి అర్రల తలుపేసుకొని కూసున్న. మాట బయటికి పోవద్దని కూలర్ ఫుల్ మీద పెట్టిన. ఆ చప్పుడేంటి, మీ మాట వినిపించట్లేదు అని మేడం నాలుగుసార్లు అన్నది. కూలర్ బంద్ చేస్తే నా నోరు బంద్ అయ్యింది. బయట మా ఇంటామె చాటల బియ్యం చెరుగుతున్న చప్పుడు నాకు వినబడుతున్నది, నా మాట ఆమెకు వినబడదా? ఆఖరికి ఇయర్‌ఫోన్లు పెట్టుకొని క్వార్టర్ ఎనుక వేపచెట్టు కిందికి పోయి బండి మీద కూసున్న. సిగ్నల్ సరిగ్గ లేకుంటే వీడియో తీసేసి గొంతులతోనే మాట్లాడుకున్నం. ఆ రాత్రి ఇంటామె అడిగింది, చెట్టు కింద ఎవలతోని మాట్లాడినవ్ అని. చెప్పిన. ఇరవై రెండేండ్ల కాపురంల, బాయిల దిగాల్నంటే నాకు భయమైతున్నదని ఆమెకు మొదటిసారి చెప్పిన. గుట్టుగ చేద్దామని పోయి, ఇంట్ల ఉన్న గుట్టు ఇప్పుకున్న.

అక్క: మరదలికి చెప్పుడు మంచి పని అయ్యింది. కానీ అందరికి వేపచెట్టు ఉంటదా? ఆడోళ్ల సంగతి ఆలోచించు. నైట్ షిఫ్ట్ దిగిన మొగడు పగలు లోపలి అర్రల పండుకుంటడు, అత్త ముందర్ర ఉంటది. కోడలు ఫోన్ పట్టుకొని ఎక్కడికి పోతది? ఆ ఫోన్ ఆమెది కూడ కాకపోవచ్చు. కొట్టెటోడు అదే ఇంట్ల ఉంటే? దవాఖానకు జరమని చెప్పి రావచ్చు. బీపీ చూసే నర్సు చెవుల ఒక్క ముక్క ఏసి పోవచ్చు. నా చెవుల అట్ల ఏసినోళ్లు ఉన్నరు తమ్మీ. ఇల్లే గాయం చేస్తున్న మనిషిని ఇంట్ల కూసుండి మాట్లాడమంటే ఎట్ల?

తమ్ముడు: దీనికి నా దగ్గర జవాబు లేదు అక్కా. ఇల్లు భద్రం కాని మనిషికి ఇంటి నుంచి థెరపీ పనికిరాదు. మేడం కూడ నా రంధి సంగతి అడగకముందే ఇవి అడిగింది. ఇప్పుడు ఎక్కడున్నరు? పక్కన ఎవలన్న ఉన్నరా? ఇంటి అడ్రస్ ఏంది? లైన్ కట్టయితే ఏ నంబర్‌కు చెయ్యాలె? చచ్చిపోవాలని ఎప్పుడన్న అనిపించిందా? అట్ల అనిపిస్తే పది నిమిషాల్ల మీ దగ్గరికి రాగలిగే మనిషి ఎవలు? నీ నంబర్ ఇచ్చిన.

అక్క: నన్ను అడగకుండనే?

తమ్ముడు: అడిగితే మళ్ల దవాఖానకు రమ్మంటవని.

అక్క: అంటే ఆమెకు కూడ తెలుసన్నట్టు. అంత దూరం కూసున్న మనిషి నువ్వు పడిపోతే పట్టుకోలేదని, ఇటు దిక్కు ఒక చెయ్యి ఉండాలని. నేను మొదటి సంది చెప్తున్నది అదే కదా.

తమ్ముడు: నిజమే. కానీ ఆ ఫోన్ లేకుంటే నీ నంబర్ నేను ఎవలకు ఇద్దును? మూడు నెలలు నువ్వు నా ఎదురుంగ కూసుండి అడిగితే, మంచిగనే ఉన్న అన్న. మొఖం తెల్వని మనిషి అడిగితే నీ పేరు చెప్పిన.

అక్క: ఆ మాట ముల్లు లెక్క గుచ్చుకున్నది, కానీ కాదనలేను. ఇంకొకటి అడుగుత. తాగుడు సంగతి అడిగిందా?

తమ్ముడు: అడిగింది. ఎప్పుడన్న ఒకసారి అన్న.

అక్క: షిఫ్ట్ దిగినంక సీసా ముట్టంది నీకు కన్ను మూతపడదు. ఎదురుంగ కూసుంటే వాసనే చెప్పేది. రేపు నీ మాట నమ్మి ఆమె తాగుడు మానెయ్యండి అన్నదనుకో, నువ్వు పౌరుషానికి ఒక్కసారే బంద్ పెట్టినవనుకో. ఏండ్లకేండ్లు రోజూ తాగిన ఒళ్లు ఊకుంటదా? మొదటి రోజు చేతులు వణుకుతయ్, చెమటలు పోస్తయ్. రెండో రోజుకు ఫిట్స్ రావచ్చు. మూడో రోజుకు గోడ మీద పురుగులు పాకుతున్నయని దులుపుకునేటోళ్లను, కన్న పిల్లలను గుర్తుపట్టనోళ్లను నేను మంచానికి అదిమి పట్టుకున్న. పానం పోయే ప్రమాదం అది. పల్స్ చూడాలె, బీపీ చూడాలె, బీ1 విటమిన్ సూది ఇయ్యాలె, మందులతోని మెల్లమెల్లగ దించాలె. మంచం పక్కన నిలబడి చేసే పని అది. ఇంకా, రంధి అనుకున్నది థైరాయిడ్ కావచ్చు, రక్తం తక్కువై కూడ కావచ్చు. సూది గుచ్చి రక్తం తీస్తేనే తెలుస్తది.

తమ్ముడు: ఒక్కసారే మానితే ఇంత ప్రమాదమని నాకు తెల్వదు. అబద్ధం చెప్పుడు నా తప్పు. ఫోన్ల చెప్పుడు అల్క అయ్యిందని కూడ ఒప్పుకుంట. వచ్చే వారం నిజం చెప్త. కానీ దూరం నుంచి మనసుకు వైద్యం చేసుడు నిన్న మొన్న పుట్టింది కాదు. అమెరికాల నెబ్రాస్కా డాక్టర్లు 1959లనే రెండు దిక్కుల టీవీలు పెట్టి చికిత్స చేసిన్రు. తమిళనాడుల, చెన్నైల ఉన్న స్కార్ఫ్ సంస్థ 2010 సంది పుదుక్కోట్టై ఊర్లకు బస్సు పంపింది. ఊరోళ్లు బస్సు ఎక్కి తెర మీద చెన్నై డాక్టర్‌తోని మాట్లాడి, ఆ బస్సులనే మందులు తీసుకొని దిగేటోళ్లు. మన దేశంల 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజునే, టెలిమెడిసిన్‌కు సర్కారు నియమాలు రాసింది. దిగులుకు, ఆందోళనకు తెర మీది మాటల చికిత్స ఎదురుంగ కూసున్న చికిత్సకు దీటుగ పనిచేస్తదని చాన పరిశోధనల్ల తేలింది. మొదలుపెట్టేముందు ఇవన్ని చదివిన.

అక్క: చదివినవ్, మంచిది. ఆ బస్సు సంగతే మళ్ల చూడు. డాక్టర్ చెన్నైల ఉన్నడు, కానీ ఊర్లకు మనుషులు పోయిన్రు, మందులు పోయినయ్. తెర ఒక్కటే పోలే. ఇంకో ముచ్చట, ఆమె ఎవలో చూసుకున్నవా? సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ అయినంక మానసిక వైద్యం చదివిన డాక్టర్, మెడికల్ కౌన్సిల్ నంబర్ ఉంటది, మందులు రాయొచ్చు. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాల రిజిస్టర్ అయి ఉంటరు, మాటలతోనే చికిత్స చేస్తరు. చిన్న కోర్సు చేసినోళ్లు కూడ కౌన్సిలర్ అని పేరు పెట్టుకుంటున్నరు. నంబర్ అడుగు. మీరు రికార్డ్ చేస్తున్నరా, నా మాటలు ఎక్కడ దాస్తరు అని అడుగు. అడిగితే కోపం చేసే మనిషి నీకు పనికిరాదు.

తమ్ముడు: అడుగుత. ఈ మాట మొదలుపెట్టే ప్రతి మనిషికి చెప్పాలె.

అక్క: ఇంకా భాష ఉన్నది. మన రంధి, మన బుగులు, మన మనాది ఆ మేడంకు తెలుస్తదా? ఇక్కడ పుట్టిన డాక్టర్‌కైతే మనాది అన్న ఒక్క మాట చాలు. ఎన్ని రోజుల సంది తింటలేడో, ఎవల కోసం లోపల్లోపల చిక్కిపోతున్నడో అడగకుండనే తెలుస్తది.

తమ్ముడు: ఆమెకు తెల్వలే. మనాది పట్టుకున్నది మేడం అన్న. మనాది అంటే ఏంటి, కొంచెం చెప్తరా అన్నది. ఏమని చెప్పాలె? రంధి అంటే పనికొచ్చే ఆలోచన పోయి పనికిరానిది తిరుగుడు అని చెప్పిన. మనాది అట్ల కాదు, అది ఒక మనిషి మీద పెట్టుకునేది అన్న. ఎవరి మీద పెట్టుకున్నరు అన్నది. బండ పడ్డనాడు నా పక్కన ఉన్న పిల్లగాడు, పోయిన ఏడే నౌకరికి వచ్చిండు, వాని టిఫిన్ డబ్బ నా చేతులనే ఉండె అని చెప్పబోయిన. మాట రాలే. ఏడుపు వచ్చింది. మూడు నెలల్ల అదే మొదటిసారి. మన భాష తెలిసిన డాక్టర్ అయితే మనాది అని రాసుకొని ముందుకు పోయేటోడు అక్కా. తెల్వకపోవుడే మంచిదయ్యింది.

అక్క: ఆ డబ్బ సంగతి నువ్వు నాకు చెప్పలే.

తమ్ముడు: ఎవలకూ చెప్పలే.

అక్క: ఏడ్చినవ్, అది మంచిదే. ఏడ్చినంక లైన్ కట్టయితే? ఆమె తెర మూసుకుంటది, నువ్వు చెట్టు కింద ఒక్కనివే ఉంటవ్. వార్డుల అయితే అట్ల ఏడ్చినోని పక్కన కొంచెం సేపు కూసుంటం, చాయ్ తాగిపిస్తం, ముఖం కడిగిపిచ్చి పంపుతం. ఇంకా పెద్ద మాట ఒకటి ఉన్నది. 2003 జూన్‌ల గోదావరిఖనిల బాయిలకు నీళ్లు చొరబడి 17 మంది పోయిన్రు. 2021 నవంబర్ 10న శ్రీరాంపూర్‌ల ఎస్ఆర్‌పీ-3 బాయిల పైకప్పు కూలి నలుగురు పోయిన్రు. పోయినోళ్ల లెక్క పేపర్ల వస్తది. ఆ షిఫ్టుల పక్కన పనిచేసి బతికినోళ్లు రాత్రి ఎట్ల పండుకుంటున్నరో ఏ పేపర్ల వస్తది? బండ పడ్డ ప్రతి బాయిల, ఆ షిఫ్టోళ్లను నెలల తరబడి అడిగి చూసుకునే మనిషి ఉండాలె. అది కొట్లాడి తెచ్చుకోవాల్సిన హక్కు. ఎవలకు వాళ్లు ఇయర్‌ఫోన్లు పెట్టుకొని సొంత పైసలతోని బాగు చేసుకుంటే, ఆ హక్కు అడిగేటోడు ఎవలు? 2011ల సకల జనుల సమ్మె ఎవలింట్ల వాళ్లు కూసుండి చేసిన్రా?

తమ్ముడు: సమ్మెల జెండా పట్టుకుంటే ఊరు మెచ్చుకున్నది. భయమైతున్నదని చెప్తే మెచ్చుకుంటదా? గేట్ మీటింగుల మైక్ పట్టుకొని నాకు రాత్రుళ్లు వాని డబ్బ కనబడుతున్నదని ఇయ్యాల్ల చెప్పలేను. ముందుగాల ఒక్క మనిషికి చెప్పిన. తర్వాత ఇంటామెకు. ఇప్పుడు నీకు. లెక్క ముగ్గురికి వచ్చింది. నాసొంటోళ్ల లెక్క కూడ చూడు. బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 2015-16ల 12 రాష్ట్రాల్ల సర్వే చేసిన్రు. దిగులు, ఆందోళన లాంటి మామూలు మానసిక సమస్యలు ఉన్నోళ్లల్ల వందకు 85 మందికి చికిత్స అందుతలేదని తేలింది. ఆ 85 మందిని గేట్ మీటింగ్ దాకా ఆగమనలేం. ముందు పానం నిలబడాలె, తర్వాతనే కొట్లాట.

అక్క: పానం నిలబెట్టుకున్నోళ్లు తర్వాత కొట్లాటకు వస్తరా, సల్లగ ఇంట్లనే ఉంటరా? నా భయం అది. పైసల సంగతి కూడ ఉన్నది. నీది పర్మనెంట్ నౌకరి. అదే దుమ్ముల పనిచేసే కాంట్రాక్ట్ కార్మికుడు వారం వారం ఫీజు ఎక్కడి సంది కడుతడు?

తమ్ముడు: కట్టలేడు. అక్కడ నా వాదన ఆగిపోతది. కొట్లాట సంగతి, వస్తనో రానో నేను ఇప్పుడు మాటియ్యలేను అక్కా. నిద్ర పట్టిననాడు అడుగు.

అక్క: నేను కూడ ఒప్పుకోలే తమ్మీ. రక్తపరీక్షకు రావాలె, తాగుడు సంగతి డాక్టర్ ముందు చెప్పాలె. నువ్వు వచ్చేదాకా అంటనే ఉంట.

తమ్ముడు: నేను వారం వారం వేపచెట్టు కిందనే కూసుంట. మరి నీ నంబర్ తీసెయ్యాల్నా?

అక్క: ఉండనియ్యి. రాత్రి కూడ మోగేటట్టు పెట్టుకుంట. కానీ నాసొంటి అక్క అందరికి ఉండదు, నీ మేడంకు ఫీజు అందరు కట్టలేరు, అర్ధరాత్రి రెండింటికి బుగులైతే ఆమె ఫోన్ ఎత్తదు. అందుకే ఒక్క నంబర్ కాగితం మీద పెద్దగ రాసి, షిఫ్ట్ పోయేటప్పుడు ల్యాంప్ రూం కాడ అందరికి చెప్పు. 14416. టెలి మానస్ అంటరు, 2022 అక్టోబర్ 10న కేంద్ర సర్కారు మొదలుపెట్టింది. పగలు రాత్రి నడుస్తది. తెలుగుల మాట్లాడుతరు. పైస తీసుకోరు.